గాల్‌బ్లాడర్ వాచినప్పుడు వెంటనే కీహోల్ (చిన్న రంధ్రాల ద్వారా చేసే) ఆపరేషనా, ఆరు వారాలు ఆగడమా?

కొత్తచిగురు:
మా పెద్దమ్మకి రాళ్ల వల్ల గాల్‌బ్లాడర్ బాగా వాచింది, నొప్పి మొదలై ఇవాళ్టికి నాలుగో రోజు. ఒక సర్జన్ గారేమో 72 గంటలు దాటాయి కాబట్టి యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గించి ఆరు వారాలకి తీద్దాం అంటున్నారు, ఇంకొకాయన రేపే తీసేద్దాం అంటున్నారు. మీరైతే ఏం చేస్తారండి?

నదివొడ్డు:
నేనైతే ఆగుతానండి. వాపు మీద ఉన్నప్పుడు లోపల అన్నీ అతుక్కుపోయి ఉంటాయి, ఏది పిత్తనాళమో (లివర్ నుంచి పేగుకి పైత్యం వెళ్లే గొట్టం) తెలీక పొరపాటున దాన్ని కోసేస్తే ఇక జీవితాంతం బాధే. మా బాబాయికి ఆగే చేశారు, ఏ ఇబ్బందీ రాలేదు.

తెల్లకోటు:
నదివొడ్డు గారూ, మీ భయం నిజమే, పిత్తనాళం దెబ్బతినడం కంటే ఘోరం ఈ ఆపరేషన్‌లో ఇంకోటి లేదు. కానీ ఆగితే అతుకులు విడిపోతాయి అనుకోవడం దగ్గరే నాకు పేచీ. మొదటి రోజుల్లో వాపుకి నీరు చేరి పొరలు కాస్త సులువుగానే విడతాయి, వారాలు గడిచేకొద్దీ అదే చోటు మచ్చకట్టి గట్టిపడుతుంది, అంటే ఆరు వారాల తర్వాత కూడా సులువు అని గ్యారంటీ ఏమీ లేదు, పైగా ఈలోపు మళ్లీ నొప్పొచ్చి ఎమర్జెన్సీకి పరిగెత్తేవాళ్లు తక్కువేం కాదు. 2013లో జర్మనీ, స్లోవేనియా ఆస్పత్రుల్లో 618 మందితో ట్రయల్ చేశారు, ఆస్పత్రిలో చేరిన 24 గంటల్లో తీసినవాళ్లలో సమస్యలు 11.8 శాతం, ముందు మందులిచ్చి 7 నుంచి 45 రోజుల మధ్య తీసినవాళ్లలో 34.4 శాతం, వెంటనే తీసినవాళ్లు ఆస్పత్రిలో ఉన్న రోజులు కూడా దాదాపు సగమే. ఇక 72 గంటల గీత అంటారా, 2018 టోక్యో గైడ్‌లైన్స్ (గాల్‌బ్లాడర్ వాపుకి వైద్యం ఎలా చేయాలో డాక్టర్లకి చెప్పే అంతర్జాతీయ సూచనలు) ఆ గీతని పట్టుకోలేదు, పేషెంట్ తట్టుకోగలిగితే ఎన్ని గంటలైందని చూడకుండా తొందరగా తీయమనే చెప్పాయి.

నదివొడ్డు:
సరే, మరి పెద్ద వయసు, గుండె జబ్బు ఉంటేనో? వాళ్లకి ట్యూబ్ వేసి పైత్యం బయటికి తీసేస్తే చాలు కదా?

తెల్లకోటు:
నేనూ అలాగే అనుకునేదాన్నండి, 2018లో నెదర్లాండ్స్ ట్రయల్ చూశాక మనసు మార్చుకున్నా. రిస్క్ ఎక్కువున్నవాళ్లలోనే పోల్చారు, పెద్ద సమస్యలు కీహోల్ ఆపరేషన్‌లో 12 శాతం, ట్యూబ్‌లో 65. అయితే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి కిడ్నీలు, బీపీ దెబ్బతిన్న మనిషినీ, మత్తే తట్టుకోలేని మనిషినీ అందులో కలపకూడదు, అలాంటప్పుడు ట్యూబే ప్రాణం నిలబెడుతుంది.

కొత్తచిగురు గారూ, మీరు రేపు చేస్తానన్న డాక్టర్‌ని ఒక్క మాట అడగండి, లోపల స్పష్టంగా కనపడకపోతే ఏం చేస్తారని. గాల్‌బ్లాడర్‌లో కొంత వదిలేసి అయినా బయటికొస్తాను, అవసరమైతే ఓపెన్ చేస్తాను అంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఎలాగైనా కీహోల్‌లోనే పూర్తిచేస్తా అంటేనే భయం.

కొత్తచిగురు:
థాంక్సండి. పెద్దమ్మకి షుగర్ ఉంది కానీ గుండె, కిడ్నీలు బాగానే ఉన్నాయట. సాయంత్రం రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఇదే అడుగుతాను.