ఘనాలో ‘క్లర్క్’ అనే ఇంటిపేరు: గుమాస్తా ఉద్యోగం నుంచా, జమైకా నుంచా?

టెమా_రమణ:
అందరికీ నమస్కారం. నేను ఘనాలో, టెమా ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. వచ్చి నాలుగేళ్ళయింది. మొన్న గేటు దగ్గర ఒక తమాషా జరిగింది. అక్రా నుంచి ఒక ఇంజనీరుగారు బాయిలర్ చూడటానికి వచ్చారు. రిజిస్టర్లో పేరు గడిలో తన పేరు రాసి, దాని పక్కనే ‘క్లర్క్’ అని రాశారు. గేట్ పాసులు రాసే కుర్రాడు మన మండపేటవాడే. ‘సార్, హోదా పక్క గడిలో రాయాలి’ అంటూ ఆ మాట కొట్టేసి, పాసు మీద ‘ఉద్యోగం: గుమాస్తా’ అన్న అర్థం వచ్చేలా నింపి ఇచ్చాడు. ఆయన పాసు అటూ ఇటూ తిప్పి చూసుకుని, ‘అది మా ఇంటిపేరు బాబూ, ఉద్యోగం ఇంకా రాయలేదు’ అన్నారు. కుర్రాడి మొహం చూడాలి!

నా ఊహేంటంటే, తెల్లవాళ్ళ కాలంలో వాళ్ళ తాతగారెవరో ఆఫీసులో గుమాస్తాగా చేసుంటారు, జనం అలాగే పిలిచి ఉంటారు, అదే ఇంటిపేరైపోయింది. మన కరణం లాగా. కానీ నా రూమ్మేటు అది జమైకా పేరు అంటున్నాడు. పందెం వేసుకున్నాం. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

గోదారి_గోపాలం:
నీ ఊహే కరెక్టు రమణా. ఇంటిపేర్లలో సగం ఇలా పుట్టినవే. మనకి కరణం ఉంది, పట్వారీ ఉంది. కరణం మల్లీశ్వరి బరువులెత్తింది గానీ లెక్కలు రాయలేదుగా! బొంబాయి పార్సీల్లో ఇంజనీరు, కాంట్రాక్టరు, డాక్టరు అన్నీ ఇంటిపేర్లే. వాళ్ళలో క్లర్క్ కూడా ఉంది, నేనే ఒకాయన్ని ఎరుగుదును. ఇంగ్లీషువాడు వెళ్ళిన ప్రతిచోటా ఇదే కథ. దీనికి జమైకా దాకా ఎందుకయ్యా వెళ్ళడం?

పాత_కాగితాలు:
గోపాలంగారూ, పోలిక బాగుంది గానీ ఇక్కడ అతకదు. ఘనా క్లర్కుల పేరు ఎక్కణ్ణించి వచ్చిందో ఊహించాల్సిన పనిలేదు. ఏ నెలలో ఏ రేవులో దిగిందో కూడా చెప్పొచ్చు. 1843 ఏప్రిల్, క్రిస్టియన్స్‌బోర్గ్. అంటే ఇప్పటి అక్రాలోని ఓసు. అప్పుడు అక్కడున్న కోట ఇంగ్లీషువాళ్ళది కాదు, డెన్మార్క్‌ది. డేన్లు తమ కోటలన్నీ బ్రిటన్‌కి 10,000 పౌండ్లకి అమ్మేసి వెళ్ళింది 1850లో. కాబట్టి ‘ఇంగ్లీషువాడి ఆఫీసులో గుమాస్తా’ అన్న కథ మొదటి మెట్టు మీదే జారిపోతుంది.

జరిగింది ఇదీ. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ మిషన్ వాళ్ళు 1828 నుంచి అక్కడికి పాదరీల్ని పంపారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే జ్వరాలతో పోయారు. ఆండ్రియాస్ రీస్ అనే డేన్ బతికి, కొండల మీద ఉన్న అక్రొపాంగ్ చేరాడు. ఆ ప్రాంతాన్నేలే అక్వాపిం రాజు అతనితో, తెల్లవాడి పుస్తకాన్ని నల్లవాడు కూడా చదవగలడని చూపించు, అప్పుడు ఆలోచిద్దాం అన్నాడని మిషన్ వాళ్ళు చెప్పుకునే కథ. రీస్ వెళ్ళి, వెస్టిండీస్‌లోని మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ చర్చి నుంచి నల్లజాతి క్రైస్తవుల్ని వెంటబెట్టుకొచ్చాడు. జమైకా, ఆంటిగువాల నుంచి మొత్తం 24 మంది, పిల్లాజెల్లాతో సహా. హాల్, మల్లింగ్స్, మిల్లర్, వాకర్, గ్రీన్, రోచెస్టర్, ఇవీ ఆ కుటుంబాల పేర్లు. పెళ్ళికాని కుర్రాళ్ళలో ఒకడు అలెగ్జాండర్ వర్తీ క్లర్క్. 1820లో జమైకాలోని మాంచెస్టర్ పారిష్‌లో పుట్టాడు. ఓడ దిగేసరికి వయసు 23. చదువు చెప్పే పని మీద వచ్చాడు, గుమాస్తాగిరీకి కాదు. ఓసులో ఆ ఏడాదే పెట్టిన సేలం బడిలో పాఠాలు చెప్పాడు.

1848లో ఓసు అమ్మాయి పౌలీన్ హెస్సెని చేసుకున్నాడు. హెస్సె కూడా డేనిష్ కోట కాలం నాటి ఐరోపా పేరే, అది ఇంకో కథ. ఒప్పందం కాలం తీరాక కొందరు జమైకా తిరిగి వెళ్ళిపోయారు. ఈయన వెళ్ళలేదు. 1906లో ఆ కొండల మీదే ఉన్న అబురిలో పోయాడు. కొడుకు నికొలస్ తిమొతి క్లర్క్ 1862లో ఆ అబురిలోనే పుట్టాడు.

రమణగారూ, మీ రూమ్మేటుకి పందెం డబ్బులు ఇచ్చేయండి.

ఎదురుప్రశ్న:
ఆగండాగండి. డబ్బులు అప్పుడే ఇవ్వొద్దు. ఒక ఓడలో ఒక క్లర్క్ వచ్చాడు, సరే. దాంతో ఘనాలో ఉన్న క్లర్కులందరూ ఆయన మనవలేనని ఎలా తేలింది? ఘనా తీరంలో ఫాంటీవాళ్ళు పేర్లని ఇంగ్లీషులోకి తిప్పుకున్నారని మీరే ఇంకో చర్చలో రాశారు. కుంటు అంటే దుప్పటి, దాన్ని ‘బ్లాంకెట్’ చేసి, చివర ‘సన్’ తగిలించి బ్లాంక్సన్ అన్నారని. మరి గుమాస్తాగా చేసిన ఫాంటీవాడెవడో క్లర్క్ అని పెట్టుకుని ఉండకూడదా? ఆ తీరంలోనే ఉన్న ఇంగ్లీషువాళ్ళ రేవు కేప్ కోస్ట్‌లో కంపెనీ గుమాస్తాలు కొల్లలు కదా.

ఇంకోటి. మీరు జమైకా దగ్గర ఆగిపోయారు. జమైకాలో ఆ పేరు ఎవడిది? 1820లో పుట్టాడంటే బానిసత్వం నడుస్తున్న రోజులు. ఎవడో స్కాట్లాండ్ తోట యజమాని పేరయ్యుంటుంది. ఆ మాట మాత్రం చెప్పరు.

పాత_కాగితాలు:
మొదటి ప్రశ్న న్యాయమైనదే. ఇద్దరు క్లర్కులు కనబడగానే చుట్టాలనుకోకూడదు, ఒప్పుకుంటాను. కానీ ఫాంటీ పోలిక మీద ఒక మాట. అక్కడ తిప్పుకున్నది ముందే ఉన్న సొంత పేర్లని. కుంటు అనే పేరు ఉంది కాబట్టి బ్లాంక్సన్ వచ్చింది. గుమాస్తా అని అర్థం వచ్చే పాత ఫాంటీ పేరేదో చూపించండి, నేను వెనక్కి తగ్గుతాను. పైగా తీరంలో గుమాస్తాలు అంత కొల్లలైతే ఈ పేరు వీధివీధినా వినపడాలి. వినపడదు. ఎవరిని పట్టుకున్నా దారి ఓసుకో, అబురి వైపు కొండలకో, బాసెల్ మిషన్ నుంచి పుట్టిన ప్రెస్బిటేరియన్ చర్చికో పోతుంది. ఉద్యోగం నుంచి పుట్టిన పేరు పదిచోట్ల విడివిడిగా మొలుస్తుంది. ఒక్క ఓడలో వచ్చిన పేరు ఒక్క పాదు నుంచే పాకుతుంది.

రెండో ప్రశ్నకి సగం ఒప్పుకుంటాను. క్లర్క్ స్కాట్లాండ్‌లో బాగా పాత పేరు. భౌతికశాస్త్రంలో మనం చదువుకున్న మాక్స్‌వెల్ పూర్తి పేరులో ఉన్నది ఇదే. రాయడం ఇంగ్లీషు ‘ఇ’ (e)తో, పలకడం ‘క్లార్క్’. జమైకా తోటల్లో స్కాట్లండువాళ్ళు దండిగా ఉండేవారు. అయినా పేరు కలిసినంత మాత్రాన ఫలానావాడు ఫలానా యజమాని సొత్తు అని రాసెయ్యకూడదు. జమైకాలో బానిసలు బాప్టిజం నాడు ఇంటిపేరు తీసుకునేవారు. కొందరు యజమాని పేరు, కొందరు తోట మేనేజరు పేరు, కొందరు సాక్షి నిలబడ్డవాడి పేరు, కొందరు కేవలం నచ్చిన పేరు. ఇందులో ఏది అన్నది ఒక్కో కుటుంబానికి ఒక్కోలా తేలుతుంది, లేదా తేలదు.

శారద_బర్మింగ్‌హామ్:
అండీ, నేను వేరే వైపు నుంచి వస్తాను. ఇంటిపేరు కొడితే ప్రపంచ పటం మీద రంగులేసి చూపించే సైట్లుంటాయి కదా, అక్కడ ఈ పేరు చూసి ఎవరూ మోసపోకండి. ఆ సైటుకి అక్షరాలు తప్ప మనుషులు తెలియదు. గోపాలంగారు చెప్పిన బొంబాయి పార్సీ క్లర్కు, స్కాట్లాండ్ క్లర్కు, అబురి క్లర్కు, ముగ్గుర్నీ ఒకే మూట కడుతుంది. పైగా పాత జాబితాల్లో ఉద్యోగం గడిలో ఉన్న మాట పేరు గడిలోకి దూరిపోతుంది. రమణగారి మండపేట కుర్రాడు చేసిన తప్పునే తిరగేసి కంప్యూటరు చేస్తుందన్నమాట :)

ఇంకా పెద్ద చిక్కు స్పెల్లింగు. నా ఉద్యోగం రికార్డులతోనే. ‘ఇ’ (e)ని ‘ఏ’ (a)గా రాసేశారంటే పని అయిపోయినట్టే. ‘క్లార్క్’ ఇంగ్లండులో అడుగడుక్కీ ఉంటాడు, ఆ గుంపులో కలిస్తే మన అబురి మనిషి మళ్ళీ దొరకడు. ఘనా నుంచి లండన్‌కీ అమెరికాకీ వెళ్ళిన వాళ్ళ సంగతి కూడా ఇంతే. ఆ ఒక్క అక్షరాన్ని పట్టుకుని ఉన్నవాళ్ళే లెక్కకి అందుతారు.

ఎదురుప్రశ్న:
సరే, జమైకా అనే అనుకుందాం. అయితే నా అసలు అభ్యంతరం ఇది. ‘ఘనా ఇంటిపేరు’ అని దీన్ని ఎందుకనాలి? తాతల్ని కట్టేసి అట్లాంటిక్ దాటించినవాళ్ళ భాషలోని పేరు, తిరిగొచ్చాక కూడా మోస్తూ ఉండటం ఏంటి? గోల్డ్ కోస్ట్‌లో, అంటే అప్పటి ఘనాలో, పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే కొందరు ఇలాంటి పేర్లు వదిలేశారు. సాలమన్ అనే పాదరీ ఆటో అహుమా అయ్యాడు. వీళ్ళూ మార్చుకోవచ్చుగా?

గోదారి_గోపాలం:
ఇప్పుడు దారిలోకొచ్చావు. పేరు మార్చుకోడం అంత తేలికైతే మా బావమరిది ఎప్పుడో మార్చుకునేవాడు. వాళ్ళ ఇంటిపేరు ఇక్కడ రాస్తే మోడరేటరు తీసేస్తాడు.

లక్ష్మీపతి_మాస్టారు:
బాబూ ఎదురుప్రశ్నా, ఆవేశం అర్థమైంది. అయితే ఒక విషయం గమనించు. సాలమన్‌గారు వెనక్కి వెళ్ళి తీసుకోడానికి ఆయనకో సొంత ఆఫ్రికా పేరుంది. ఓడ దిగిన 23 ఏళ్ళ క్లర్కుకి వెనక్కి వెళ్ళడానికి ఏముంది? ఆయన తాతముత్తాతలు ఆఫ్రికాలో ఏ ఊరివాళ్ళో, ఏ భాషవాళ్ళో చెప్పే కాగితం జమైకాలో ఎవడు రాసిపెట్టాడు? ఆయనకున్న ఇంటిపేరల్లా అదొక్కటే.

ఇంకో సంగతి. మనకి ఇంటిపేరు లేని మనిషంటే ఊహకందదు. పెళ్ళిచూపుల్లో ముందు అడిగేదే అది. మన దగ్గర క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళు కూడా చాలామంది ముందు పేరు మార్చుకుని, ఇంటిపేరు అట్టే ఉంచుకున్నారు. ఘనాలోని అకాన్ జాతివాళ్ళ పద్ధతి వేరు. పుట్టిన వారాన్ని బట్టి ఒక పేరు, శుక్రవారమైతే కోఫీ, శనివారమైతే క్వామె. దానికి తోడు తండ్రి తనకిష్టమైన పెద్దవాళ్ళ పేరు పెడతాడు. అన్నదమ్ములిద్దరికీ రెండో పేరు వేర్వేరుగా ఉండొచ్చు. అలాంటి చోట తరతరానికీ మారకుండా వచ్చే ఇంటిపేరే ఒక వింత. అందుకే ఇన్ని తరాలైనా ఈ క్లర్కుల్ని చూడగానే గుర్తుపట్టగలుగుతున్నాం. అకాన్ పద్ధతిలో పెట్టుకుంటూ పోయుంటే రెండు తరాల్లో జాడ చెరిగిపోయేది.

పాత_కాగితాలు:
మాస్టారూ, దండం. మీరన్నదానికి ఇంకొంచెం కలుపుతాను. ‘క్లర్క్’ అన్న మాట లాటిన్‌లో ఉన్నప్పుడు అర్థం గుమాస్తా కాదు, చర్చి మనిషి. రాతకోతలు వచ్చినవాడు చర్చిలోనే ఉండేవాడు కాబట్టి తర్వాత రాసేవాడన్న అర్థం వచ్చింది. ఇప్పుడు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు బాసెల్ మిషన్‌లోని జర్మన్ పాదరీల్ని వెళ్ళగొట్టారు. ఆ చర్చి స్కాట్లాండ్ మిషన్ అండలోకి వచ్చింది. 1918లో స్థానికులతో కొత్త పాలకవర్గం ఏర్పడింది. మొదటి మోడరేటరు, అంటే చర్చి సభకి అధ్యక్షుడు, పీటర్ హాల్, అంటే 1843 ఓడలో వచ్చిన హాల్‌గారి కొడుకు. పాలనా వ్యవహారాలు చూసే పదవికి స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్ల వాడుకలో పేరు ‘సినడ్ క్లర్క్’ (సినడ్ అంటే చర్చి పాలక సభ). దాంట్లో మొదట కూర్చున్నది నికొలస్ తిమొతి క్లర్క్, 1932 వరకూ. అంటే ఆయన సినడ్ క్లర్క్ క్లర్క్! గోపాలంగారి ఉద్యోగం సిద్ధాంతం నిజమైన సందర్భం ఇదొక్కటే, అదీ పేరు పుట్టిన చాలా కాలానికి.

ఆయన పిల్లల్లో కార్ల్ హెన్రీ అదే చర్చికి మోడరేటరయ్యాడు. మటిల్డా ఎడిన్‌బరోలో వైద్యం చదివి ఘనా మహిళల్లో రెండో డాక్టరయింది. ఇక రమణగారూ, థియొడోర్ క్లర్క్ గురించి మీకు ఎవరూ చెప్పలేదా? ఘనా తొలి ఆర్కిటెక్టు. ఆయనా ఎడిన్‌బరోలోనే చదివాడు. టెమా డెవలప్‌మెంట్ కార్పొరేషన్‌లో ముఖ్య ఆర్కిటెక్టుగా మీ ఊరి ప్లాను చూసింది ఆయనే. మీరు రోజూ ఫ్యాక్టరీకి వెళ్ళే ఆ ‘కమ్యూనిటీ’ అని నంబర్లు వేసిన పేటల వీధుల వెనక ఒక క్లర్క్ ఉన్నాడు. గేటు దగ్గర ఇంకో క్లర్కుని గుమాస్తా చేశారు.

ఎదురుప్రశ్న:
హాల్ కొడుకు, క్లర్క్ కొడుకు ఇద్దరూ ఒకేసారి పైకొచ్చారన్నది బాగుంది. ఒకే ఓడ అన్న మాట ఒప్పుకుంటున్నాను. ‘ఘనా ఇంటిపేరు’ అన్నది మాత్రం ఒప్పుకోను. జమైకా పేరు, ఘనాలో కాపురం.

శారద_బర్మింగ్‌హామ్:
ఆ లెక్కన మీరు తినే మిరపకాయ కూడా మెక్సికోదే.

టెమా_రమణ:
అందరికీ థాంక్సండీ. రూమ్మేటుకి పందెం చెల్లించేశాను, రెండు వందల సెడీలు పోయాయి. ఇంజనీరుగారు నిన్న మళ్ళీ వచ్చారు, బాయిలర్ పని మిగిలిపోయింది. మీ చర్చంతా ఆయనకి చెప్పాను. ఘనా పేరా కాదా అన్న గొడవ దగ్గర మాత్రం ఆయన ఏమీ అనలేదు. క్యాంటీన్లో కొంటొమిరె పెట్టారు, ఉడికించిన పెండలం ముక్కల మీద ఆకుకూర పులుసులాంటిది. నేను దాన్ని చేమాకు అనే పిలుస్తాను. గిన్నెలోకి గరిటెతో చూపించి, ‘ఈ ఆకిచ్చే దుంప మొక్క కూడా మావాళ్ళ ఓడలోనే వచ్చింది, దీన్ని ఎవరూ జమైకా కూర అనరు’ అన్నారు.

పాత_కాగితాలు:
నిజమే, మంకనీ అనే దుంప 1843లో వాళ్ళతోనే వచ్చింది. కానీ రమణగారూ, అది మన చేమ కాదు, దానికి దాయాది. మన చేమ జాతి అక్కడ అంతకు ముందే ఉంది, దాన్ని వేరే పేరుతో పిలుస్తారు. ఆకు చూస్తే తెలుస్తుంది. మన చేమాకుకి కాడ ఆకు మధ్యలో అతుక్కుంటుంది, మంకనీకి అంచు చీలిన చోట.

టెమా_రమణ:
రేపు క్యాంటీన్ వెనక పెరట్లో చూసి ఫొటో పెడతాను.