జీనాలో మగ్గం కాలిపోతే పాత కాలం ఎలా తిరిగొచ్చింది?

'జీనా: వారియర్ ప్రిన్సెస్' టీవీ సీరియల్ బాగా తెలిసినవాళ్లు ఈ చిక్కుముడి విప్పరా?

రెండో సీజన్ రెండో ఎపిసోడ్ (1996)లో షరతు సూటిగా ఉంది. యోధురాలు జీనాకు అసలు కత్తే పట్టని జీవితాన్ని, మగ్గంపై తలరాతలు నేసే విధి దేవతలు ఇస్తారు, కోపంతో ఒక్క రక్తపు చుక్క చిందించినా వరం రద్దు. తమ్ముడు లైసియస్ బతికుంటాడు, తల్లి ఉండదు. పాత జీవితం జీనాకు మాత్రమే గుర్తు.

ఆరో సీజన్ 18వ ఎపిసోడ్‌ (2001) దగ్గరే తిరకాసు. జీనా శత్రువు, రోమ్ పాలకుడు సీజర్ ఆ దేవతలనే బంధించి నేత మారుస్తాడు. కొత్త నేతలో జీనా మహారాణి, ఆమె నేస్తం గాబ్రియెల్ నాటక రచయిత్రి. ఈసారి జీనాకూ ఏదీ గుర్తుండదు. చివర్లో గాబ్రియెల్ మగ్గాన్నే తగలబెడుతుంది, పాత కాలం తిరిగొచ్చినట్టు చూపిస్తారు.

తలరాతలు నేసే మగ్గమే బూడిదైతే మారిన నేతతోపాటు అసలు నేత కూడా పోవాలి కదా? పాత కాలం తిరిగొచ్చిందా, అలాంటిదే కొత్తగా మొదలైందా? డైలాగ్ ఆధారం ఉంటే సన్నివేశంతో సహా చెప్పండి. 'దేవతల మాయ' అని మాత్రం తేల్చేయకండి.