అప్‌డేట్: ఆర్‌సీసీబీ ఎందుకు పడిపోతోందో తేలింది

శ్రీకాకుళం దగ్గర కొత్తింటి వైరింగ్ గురించి అడిగాను కదా, ఎంసీబీలన్నీ (ఒక్కో లైనుకీ ఉండే చిన్న బ్రేకర్లు) ఆపేసినా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై తెంపేసే స్విచ్) సాయంత్రం వేళ ట్రిప్ అయి పడిపోతోందని. "ముందు న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే వైరు) చూడండి" అన్నవాళ్లదే కరెక్ట్.

సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. అది ఎక్కడైనా ఎర్త్‌కి తగిలితే, లైన్ మీద లోడు పెరిగే వేళ న్యూట్రల్‌లో వచ్చే కొద్దిపాటి వోల్టేజీకే కరెంటు అటు లీకవుతుంది.

పట్టుకున్న పద్ధతి ఇది. మెయిన్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకుని, ప్లగ్గులన్నీ పీకేసి, న్యూట్రల్ లింకు (న్యూట్రల్ వైర్లన్నీ కలిపే పట్టీ) నుంచి నల్ల వైర్లన్నీ విప్పాలి. ఒక్కో వైరుకీ ఎర్త్‌కీ మధ్య మల్టీమీటర్ పెట్టాలి. వంటగది 16 ఆంపియర్ల సాకెట్ వైరు దాదాపు సున్నా ఓమ్‌లు చూపించింది, అంటే ఎర్త్‌కి తగులుతోంది. ఇనుప బాక్సు స్క్రూ ఇన్సులేషన్‌లో దిగిపోయింది, అంతే! టేపు చుట్టి వదిలేయలేదు, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు కొత్తది లాగించాం.

రెండోది ఇన్వర్టర్. దాని లైట్లకి హాలు బోర్డులోంచే న్యూట్రల్ ఇచ్చేశారు. ఫేజ్ ఒక దారిన వెళ్లి న్యూట్రల్ ఇంకో దారిన తిరిగొస్తే ఆర్‌సీసీబీ దాన్ని లీకేజీ అనుకుంటుంది. ఇన్వర్టర్ న్యూట్రల్ విడిగా లాగాక ఆ గొడవా పోయింది.

500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టేముందు ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్ తప్పక విప్పండి, లేదంటే కాలిపోవచ్చు. మీటరు వైపు మాత్రం లైసెన్సు ఉన్నవాళ్లకే వదిలేయండి.