వేట నిషేధం ఉన్నా పెద్ద చేప ఎందుకు తగ్గుతోంది?

భీమిలి పాఠకుడు: తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మర పడవల వేటను నిషేధిస్తున్నారు. అయినా మా రేవులో పెద్ద వంజరాలు అరుదైపోయాయి. గంపల్లో వేలెడంత పిల్లచేపలే ఎక్కువగా కనిపిస్తున్నాయి. కారణం తెలిసినవారు వివరించగలరు.

సాగరమిత్ర: నిషేధం గుడ్లు పెట్టే కాలాన్ని కొంతవరకు కాపాడుతుందే గాని, ఆ తరువాత ఒక్కసారిగా సముద్రంలోకి దిగే బోట్ల సంఖ్యను మార్చదు. బోటు వెనుక ఈడ్చే ట్రాల్ వల చివరి సంచికి కన్ను, అంటే రంధ్రం, సన్నగా ఉంటే, రొయ్యల కోసం సముద్రపు అడుగున ఈడ్చినప్పుడు రకరకాల పిల్లచేపలు అందులోనే చిక్కుకొని, తినడానికి అమ్ముడుపోక, ఎండి కోళ్ల దాణాకు చేరుతాయి. ఒక్కసారైనా గుడ్లు పెట్టని చేపను దాణా ధరకు అమ్ముకోవడం కంటే పెద్ద నష్టం మరొకటి లేదని నా అభిప్రాయం.

తెప్పల రేవు: సాగరమిత్ర గారి మాట నిజం. తీరం నుంచి 8 కిలోమీటర్ల వరకు సంప్రదాయ వేటకే వదలాలని రాష్ట్ర నిబంధన ఉన్నా, రాత్రివేళ మర బోట్లు లోపలికి వచ్చి తెప్పల వారి వలలను తెంచుకుపోతున్నాయి. నిఘా లేని నిబంధన మాకు అన్నం పెట్టదు.

ఉత్తరతీరం: కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో భారీ ట్రాలర్లు దశాబ్దాలపాటు కాడ్ చేపను తోడేయడంతో 1992లో వేటను నిలిపివేయవలసి వచ్చింది. దాదాపు 30,000 మంది ఉపాధి కోల్పోయారు, చేప మాత్రం మూడు దశాబ్దాలకు కూడా పూర్వస్థాయికి రాలేదు. అందుకే మన దగ్గర ముందుగా వలకన్ను తనిఖీని రేవులోనే, బోటు బయలుదేరకముందే చేయాలి.