ఆఫీసు మెయిలు థండర్‌బర్డ్‌లో: సంస్థలోని వారికి వెళ్తోంది, బయటివారికి వెళ్లడం లేదు

ప్రశ్న (గుంటూరు నుండి)

నమస్కారమండి. నేను ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు చూస్తున్నాను. మా సంస్థకు సొంత డొమైన్ మీద మెయిలు ఉంది. అది గూగుల్‌దీ మైక్రోసాఫ్ట్‌దీ కాదు, వెబ్‌సైటుతో పాటు హోస్టింగ్ వారు ఇచ్చినది. గత వారం వచ్చిన కొత్త కంప్యూటరులో థండర్‌బర్డ్ (మెయిళ్లు చూసే, పంపే ప్రోగ్రాము) వేసి, పేరు, మెయిలు చిరునామా, పాస్‌వర్డు ఇచ్చాను. అది కాసేపు వెతికి, సెట్టింగులు దొరకలేదని చెప్పి, సర్వరు పేరు ఉండవలసిన గడిలో మా డొమైన్ ముందు ఒట్టి చుక్క ఒకటి పెట్టి వదిలేసింది. నాకంటే ముందు పనిచేసినవారు రిజిస్టరు అట్ట లోపల అంటించిన కాగితం ఒకటి ఉంటే, దానిలో ఉన్నట్టే వచ్చే మెయిలుకు పాప్, పోర్టు (సర్వరులోకి ఏ ద్వారం గుండా వెళ్లాలో చెప్పే అంకె) 110 అనీ, వెళ్లే మెయిలుకు పోర్టు 25 అనీ నింపాను.

మెయిళ్లు వస్తున్నాయి. చిక్కంతా పంపడంలోనే ఉంది. మా మేనేజరు గారికి, మా డొమైన్‌లోనే ఉన్న మిగతావారికి పంపితే చక్కగా చేరుతున్నాయి. బ్యాంకుకు పంపవలసిన స్టాకు స్టేట్‌మెంటు పంపబోతే మాత్రం ‘రిలే యాక్సెస్ డినైడ్’ (బయటికి చేర్చడానికి అనుమతి లేదు) అని తిరగ్గొడుతోంది. వెబ్‌మెయిల్ (బ్రౌజరులో చూసే మెయిలు) తెరిచి అక్కడినుంచి పంపితే అదే బ్యాంకుకు వెళ్తోంది కాబట్టి పాస్‌వర్డులో తప్పు లేదనుకుంటున్నాను.

ఇంకొక సంగతి కూడా ఉంది. వెబ్‌మెయిల్‌లో ఈ రెండు వారాల మెయిళ్లు తప్ప అంతకు ముందువి కనబడటం లేదు. పాత కంప్యూటరులోని థండర్‌బర్డ్‌లో అన్నీ ఉన్నాయి గానీ, ఎల్లుండి దాన్ని ఫార్మాట్ చేసి కాటా గదికి ఇచ్చేస్తామంటున్నారు.

మొదటి జవాబు

ముందు ఆ ఫార్మాట్ ఆపించండి. మిగతాది నిదానంగా చూసుకోవచ్చు.

పాప్ పద్ధతిలో మెయిళ్లు సర్వరు నుంచి కంప్యూటరులోకి దిగుతాయి. సర్వరులో వాటి నకలు 14 రోజులకు మించి ఉంచకూడదన్న టిక్కు థండర్‌బర్డ్‌లో ముందుగానే పెట్టి ఉంటుంది. మీకు వెబ్‌మెయిల్‌లో సరిగ్గా రెండు వారాలవే కనబడటానికి కారణం అదే. అంటే మీ సంస్థ పాత ఉత్తరాలన్నీ ఇప్పుడు ఆ ఒక్క కంప్యూటరు డిస్కులో తప్ప మరెక్కడా లేవు. పంపిన మెయిళ్ల సంగతీ అంతే, ఎందుకంటే పాప్ ఖాతా వాటిని సర్వరులో అసలు పెట్టదు. కొత్త కంప్యూటరులోనూ మీరు పాప్ పెట్టారు కనుక ఆ ఖాతాను తీసేసి ఐమ్యాప్‌తో (మెయిళ్లను సర్వరులోనే ఉంచి చూపే పద్ధతి) మళ్లీ చేయండి. ఒకసారి పాప్‌గా చేసిన ఖాతాను ఐమ్యాప్‌గా మార్చే వీలు థండర్‌బర్డ్‌లో లేదు, కొత్తగా చేర్చుకోవలసిందే.

పాతవాటి కోసం ఇలా చేయండి. పాత కంప్యూటరులో హెల్ప్ మెనూలోని ‘ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్’ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డరు (మీ మెయిళ్లు, సెట్టింగులు ఉండేది) ఎక్కడుందో తెలుస్తుంది. థండర్‌బర్డ్ మూసేసి ఆ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవులోకి కాపీ చేసి పక్కన పెట్టండి. తర్వాత అక్కడే అదే చిరునామాను ఐమ్యాప్ ఖాతాగా కూడా చేర్చి, సర్వరులో చోటు ఎంత ఉందో హోస్టింగ్ వారి పేజీలో చూసుకుని, పాత మెయిళ్లను కొద్దికొద్దిగా దానిలోకి కాపీ చేయండి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. వాటిని ఐమ్యాప్ ఇన్‌బాక్సులో వేస్తే, పక్కనే ఉన్న పాప్ ఖాతా వాటిని కొత్త మెయిళ్లనుకుని మళ్లీ దించుకుంటుంది, 14 రోజుల తర్వాత సర్వరు నుంచి తుడిచేస్తుంది. పాప్‌కు ఇన్‌బాక్సు తప్ప వేరే ఫోల్డరు కనబడదు కాబట్టి ‘పాతవి’ అని ఒక ఫోల్డరు చేసి అందులోనే వేయండి.

రెండవ జవాబు

పంపడం గురించి నేను చెబుతాను. మీ వివరణలోనే సమాధానం ఉంది. తన డొమైన్‌లోని పెట్టెలకు వచ్చే ఉత్తరాన్ని సర్వరు ఎవరు తెచ్చినా తీసుకుంటుంది, ఎందుకంటే బయటి సర్వర్లు పోర్టు 25 గుండా దానికి ఉత్తరాలు అందించేది అలాగే. బయటి చిరునామాకు చేర్చమని అడిగినప్పుడు మాత్రం, అడిగినవారు తన మనిషో కాదో తేల్చుకోకుండా చేర్చదు. అలా తేల్చుకోకుండా చేర్చే సర్వరును ఒక్కరోజులోనే స్పాము పంపేవాళ్లు ఆక్రమించుకుంటారు. మేనేజరు గారికి వెళ్లి బ్యాంకుకు వెళ్లకపోవడానికి కారణం మీరు పాస్‌వర్డు తప్పు ఇవ్వడం కాదు, పంపేటప్పుడు థండర్‌బర్డ్ పాస్‌వర్డు అసలు ఇవ్వకపోవడం.

అకౌంట్ సెట్టింగ్స్‌లో ఎడమవైపు అట్టడుగున ‘అవుట్‌గోయింగ్ సర్వర్’ అని ఉంటుంది. వచ్చే మెయిలు సెట్టింగులకు దీనికి సంబంధం లేదు. ఒకటి సరిచేస్తే రెండోది దానంతట అది సరికాదు. అక్కడ ‘నో అథెంటికేషన్’ అని ఉంటే దాన్ని ‘నార్మల్ పాస్‌వర్డ్’ చేసి, యూజర్‌నేమ్ గడిలో మీ మెయిలు చిరునామా పూర్తిగా రాయండి. పోర్టు 465 పెట్టి, కనెక్షన్ సెక్యూరిటీలో ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్ (కనెక్షన్‌ను మొదటినుంచీ రహస్యంగా ఉంచేది) ఎంచుకోండి. మీ హోస్టింగ్ వారు 465 ఇవ్వకపోతే 587, స్టార్ట్‌టీఎల్ఎస్ (మామూలుగా మొదలై తర్వాత రహస్యంగా మారేది). వచ్చే మెయిలుకు ఐమ్యాప్, 993, ఎస్ఎస్ఎల్/టీఎల్ఎస్.

ఆ రిజిస్టరులోని కాగితాన్ని దయచేసి చింపేయండి. మెయిలు పంపేవారి కోసం 587ను వేరుగా కేటాయించింది 1998లోనే. కనెక్షన్ మొదటి అక్షరం నుంచే రహస్యంగా ఉండే 993, 465లను వాడటం మేలని 2018లో ప్రమాణం కూడా వచ్చింది. సెక్యూరిటీ ఏమీ పెట్టకుండా 110 వాడితే, మెయిలు చూసిన ప్రతిసారీ మీ పాస్‌వర్డు తెరిచిన కార్డు మీద రాసినట్టు తీగ వెంట పోతుంది. ఇన్నాళ్లూ అలాగే పోయింది కనుక ఇప్పుడు పాస్‌వర్డు కూడా మార్చండి.

మూడవ జవాబు

పై ఇద్దరూ చెప్పినది సరైనదే. 993 పెట్టిన వెంటనే మీకు ఎదురవగల ఒక అడ్డంకి మాత్రం నేను చెబుతాను. ‘మెయిల్’, చుక్క, ఆపై మీ డొమైన్ అని సర్వరు పేరు రాస్తే, సర్టిఫికెట్ (సర్వరు తన పేరును రుజువు చేసుకునే పత్రం) వేరే పేరు మీద ఉందంటూ హెచ్చరిక రావచ్చు. ఒకే సర్వరును ఎన్నో సంస్థలకు పంచి ఇచ్చే చోట, సర్టిఫికెట్ హోస్టింగ్ వారి సర్వరు పేరు మీద ఉండటం మామూలే. ఆ హెచ్చరిక పెట్టెలో మినహాయింపును శాశ్వతంగా గుర్తుంచుకోమనే టిక్కు ముందే పెట్టి ఉంటుంది. తొందరలో చాలామంది దాన్నే ఒప్పుకుంటారు. మీరు ఒప్పుకోవద్దు. మీ కంట్రోల్ ప్యానెల్ (హోస్టింగ్ వారు ఇచ్చే నిర్వహణ పేజీ) సీప్యానెల్ అయితే, ఈమెయిల్ అకౌంట్స్ పేజీలో మీ చిరునామా పక్కన ‘కనెక్ట్ డివైసెస్’ నొక్కితే సరైన సర్వరు పేరు, పోర్టులు ఉంటాయి. ఆ పేరునే వచ్చే మెయిలుకు, వెళ్లే మెయిలుకు రెండు చోట్లా రాయండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మేనేజరు గారితో మాట్లాడి ఫార్మాట్ ఆపించాను. ఐమ్యాప్ పెట్టగానే మూడవవారు చెప్పిన హెచ్చరికే వచ్చింది, ‘వ్యూ’ నొక్కి చూస్తే సర్టిఫికెట్ మీద హోస్టింగ్ వారి సర్వరు పేరే ఉంది, ‘కనెక్ట్ డివైసెస్’ పేజీలో ఉన్నదీ అదే పేరు. దాన్ని రెండు చోట్లా రాశాక హెచ్చరిక మళ్లీ రాలేదు. వెళ్లే సర్వరులో నిజంగానే ‘నో అథెంటికేషన్’ అని ఉంది. 465తో స్టాకు స్టేట్‌మెంటు బ్యాంకుకు వెళ్లింది, అందిందని అక్కడి అధికారి జవాబు కూడా ఇచ్చారు. పాత మెయిళ్లు ‘పాతవి’ ఫోల్డరులోకి సంవత్సరం చొప్పున ఎక్కిస్తున్నాను, ఇంకా రెండు సంవత్సరాలవి మిగిలాయి.