సుదీర్ఘ విమాన ప్రయాణంలో కృత్రిమ కాలు తీశాక మళ్లీ పట్టడం లేదు

నా ఎడమ కాలు మోకాలి కింది నుంచి తీసివేశారు. 3 ఏళ్లుగా పిన్ లాక్ ఉన్న సిలికాన్ లైనర్‌తో కృత్రిమ కాలు వాడుతున్నాను, అంటే మిగిలిన కాలిభాగానికి వేసుకునే మెత్తని తొడుగు (లైనరు) చివర ఉన్న పిన్, కృత్రిమ కాలి పైభాగంలోని గిన్నెలాంటి సాకెట్‌లో క్లిక్కుమంటూ బిగుసుకుంటుంది. మామూలు రోజుల్లో ఉదయం సాకెట్‌లో ఖాళీ నింపేందుకు లైనరుపై వేసే 2 పొరల సాక్సుతో మొదలై సాయంత్రానికి 5 పొరలు అవసరమవుతాయి, అంటే పగటిపూట ఆ మిగిలిన కాలిభాగం సన్నబడుతుందే తప్ప వాయదు.

విమానంలో మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధంగా జరుగుతోంది. 9 గంటల ప్రయాణం రెండుసార్లు చేశాను. మొదటిసారి కాలు తీయకుండా కూర్చుంటే నాలుగో గంట దాటాక సలుపు మొదలై, దిగేసరికి సాకెట్ అంచు ఒరుసుకున్నచోట చర్మం కమిలిపోయింది. రెండోసారి ఎక్కిన గంటకే కాలు, లైనరు రెండూ తీసేశాను. దిగడానికి 30 నిమిషాల ముందు సాక్సు ఒక్కటీ లేకుండా తొడుక్కోబోయినా, ఎప్పుడూ 8 సార్లు క్లిక్కుమనే పిన్ 2 సార్లకే ఆగిపోయింది. అలా నిలబడటం ప్రమాదం గనుక వీల్‌చైర్ వచ్చేదాకా సీటులోనే ఉండిపోయాను.

ఉప్పు తగ్గించాను, నీళ్లు బాగా తాగాను, నడవా పక్క సీటు తీసుకొని మొదటి ప్రయాణంలో గంటకొకసారి నడిచాను, ఏదీ పనిచేయలేదు. రక్తం గడ్డకట్టలేదని వైద్యులు పరీక్షించి చెప్పారు, సాకెట్ కొలత కూడా సరిగానే ఉంది.

వచ్చే నెల 11 గంటల ప్రయాణం ఉంది. ఇలాంటి కాలితో 8 గంటలకు మించి ప్రయాణించినవారు, కాలు తీశాక లైనరునే ఉంచుకున్నారా లేక వాపు తగ్గించే బిగుతు తొడుగు, అంటే ష్రింకర్, వేసుకున్నారా, వాటిలో దేనితో దిగేటప్పుడు పిన్ పూర్తిగా పట్టింది?