పిలిస్తే మా కుక్కపిల్ల ఇంట్లో వస్తుంది, బయట రాదు. ఏం చేయాలి?

మా ల్యాబ్రడార్ కుక్కపిల్లకి 4 నెలలు. "సిట్" రెండు రోజుల్లోనే నేర్చుకుంది. కూర్చున్న మరుక్షణమే చిన్న ముక్క తినిపించి మెచ్చుకుంటాను, పూటకి 5 నిమిషాలే నేర్పిస్తాను. చిక్కంతా "రా" దగ్గరే. ఇంట్లో ఒక్క పిలుపుకే పరిగెత్తుకొస్తుంది. బయట తాడు వదిలితే వాసనలు చూసుకుంటూ నా వైపు తిరగనైనా తిరగదు. నిన్న రోడ్డు దాకా పోయింది, నా ప్రాణం పోయినంత పనైంది. తిరిగొచ్చాక గట్టిగా తిట్టేశాను. వచ్చినందుకే తిట్టానని అనుకుని ఉంటుంది పాపం, ఆ సంగతి తర్వాత తట్టింది.

పైగా నేను "రా" అంటే మా అబ్బాయి "కమ్" అంటాడు. అందరం ఒకే మాట వాడాలా? పొడవాటి తాడు కట్టి మళ్ళీ మొదటి నుంచి నేర్పనా, లేక పిలిచే మాటే మార్చేయనా? కొట్టమని మాత్రం చెప్పకండి, అది నా వల్ల కాదు.